మావారి కోసం వీల్‌చైర్ వ్యాన్ కొనాలి. ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, అందులో ముఖ్యమైన సంగతులు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 46 ఏళ్లు, భర్తకు 51. ఆయన లెక్కల మాస్టారు. కిందటి ఏడాది నడుస్తుంటే కుడికాలు ఈడ్చుకుపోవడంతో మొదలైంది. పరీక్షలన్నీ అయ్యాక ఏఎల్ఎస్ అని డాక్టర్లు తేల్చారు. కండరాలను ఆడించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అది. ఇప్పుడు ఇంట్లో వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. బయటికి మామూలు తోపుడు కుర్చీలో వెళతారు. మాట స్పష్టంగానే ఉంది కానీ కుడిచేతి పట్టు సడలుతోంది, చొక్కా బొత్తాలు ఆమే పెడుతున్నారు. థెరపిస్టు రాసిన బ్యాటరీ వీల్‌చైర్ రెండు నెలల్లో రావాలి.

ఇంట్లో ఉన్నది చిన్న కారు. ఆయన్ని కుర్చీలోంచి కారు సీట్లోకి ఎక్కించడం, దింపడం ఆమె ఒక్కరే చేస్తున్నారు. కిందటి నెల ఆసుపత్రి బయట కారుకీ కుర్చీకీ మధ్య ఆయన జారిపోయారు. పట్టుకోబోయి ఆమె కూడా పడ్డారు. దారిన పోయేవాళ్లు వచ్చి లేపేదాకా ఇద్దరూ నేల మీదే ఉండిపోయారు. అప్పట్నుంచి ఆమెకు నడుం నొప్పి, బయటికి బయల్దేరాలంటే టెన్షన్.

రెండు వ్యాన్లు చూసి వచ్చారు. ఒకదానికి వెనక తలుపు తీస్తే ర్యాంప్ దిగుతుంది. పాత బండి, ధర తక్కువ, వెంటనే ఇస్తామంటున్నారు. రెండోదానికి ర్యాంప్ పక్క తలుపు దగ్గర ఉంది, ధర బాగా ఎక్కువ. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న కొడుకు మాత్రం లిఫ్ట్ ఉన్న ఎత్తైన పెద్ద వ్యాన్ తీసుకుంటే ఇక ముందు ఏ ఇబ్బందీ రాదంటున్నాడు. పెద్ద బండి నడపాలంటే ఆమెకు భయం. భర్త మాట వేరు. "చేత్తో నడిపే ఏర్పాటు పెట్టించు, బండి నేనే నడుపుతాను. అది కుదరదంటే నాకు వ్యానే వద్దు, ఆ డబ్బు నీకూ పాపకీ ఉంచుకో" అంటారు. మాట అక్కడితో తెగిపోతుంది. పాపకు 16 ఏళ్లు.

చివర్లో ఆమె ఇలా రాశారు: "ఎన్నాళ్లు వాడతామో తెలియని బండికి దాచుకున్నదంతా పెట్టాలా అని రాత్రుళ్లు లెక్కలు వేసుకుంటున్నాను. తెల్లారేసరికి అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఏది కొనాలి? ఇప్పుడే కొనాలా? ఆయన్ని ఎలా ఒప్పించాలి?"

జవాబు:

మీరు అడిగిన మూడు ప్రశ్నలకంటే ముందు ఆ రాత్రుళ్ల లెక్కల గురించి మాట్లాడాలి. డబ్బు గురించి ఆలోచించినంత మాత్రాన మీరు ఆయన్ని తక్కువ చేసినట్టు కాదు. ఈ జబ్బు ఉన్న ఇంట్లో ఖర్చు వ్యాన్‌తో ఆగదు. ఊపిరికి సాయపడే మెషీన్, మాట తగ్గితే మాట్లాడించే పరికరం, లేపి పడుకోబెట్టే మంచం, మనిషిని ఎత్తే లిఫ్టర్, పగలు తోడుండే మనిషికి జీతం, ఇవన్నీ ముందున్నాయి. ఇంటి బాధ్యత మోస్తున్న మనిషి ఆ లెక్క వేయకుండా ఎలా ఉంటుంది? వేయండి. సిగ్గుపడకండి.

కాకపోతే ఆ లెక్క "ఎన్నేళ్లు" అన్న మాట మీద నడిస్తే ఎప్పటికీ తేలదు. లక్షణాలు మొదలయ్యాక ఎక్కువ మందికి 2 నుంచి 5 ఏళ్లని డాక్టర్లు చెబుతారు. నూటికి పదిమంది దాకా పదేళ్లు దాటి బతుకుతారు. మీవారు ఏ లెక్కలోకి వస్తారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అందుకని లెక్కను నెలల్లో వేయండి. నెలకు ఎన్నిసార్లు బయటికి వెళ్లాలి? అందులో ఆసుపత్రికి ఎన్ని, ఆయన మనసుకు నచ్చిన చోటికి ఎన్ని? వ్యాన్ లేకపోతే వాటిలో ఎన్ని ఆగిపోతాయి, ఎన్నిటికి అద్దె బండి సరిపోతుంది? ఇంకొకటి, కొన్న ధర అంతా ఖర్చు కింద రాయకండి. ర్యాంప్ బిగించిన వ్యాన్లకు పాతవాటిలోనూ గిరాకీ ఉంటుంది, మీలాంటి ఇంకో కుటుంబం వెతుక్కుంటూ వస్తుంది. కొన్న ధరకూ మళ్లీ అమ్మగలిగే ధరకూ మధ్య ఉన్న తేడాయే మీ అసలు ఖర్చు. కొత్త బండికి ఆ తేడా మొదటి ఏడాదిలోనే ఎక్కువగా పడుతుంది, పాతదానికి అంత పడదు. వాడకం ఎంతకాలమో తెలియనప్పుడు పాత బండి వైపు మొగ్గడం తెలివైన పనే.

ఇక ఏది కొనాలి అన్నది. రెండు నెలల్లో బ్యాటరీ వీల్‌చైర్ వస్తుందని రాశారు. మీరు ఆ రెండు బళ్లనూ ఇప్పుడున్న తోపుడు కుర్చీతో చూసి ఉంటారు. అది సుమారు 15 కిలోలు, మడిచి పక్కన పెట్టుకోవచ్చు. రాబోయే కుర్చీ సంగతి వేరు. ఇలాంటి జబ్బులకు రాసే బ్యాటరీ కుర్చీలు 150 కిలోల దాకా, కొన్ని అంతకు మించి బరువుంటాయి. ఆయన బరువు కలిపితే 200 కిలోలు దాటుతుంది. ర్యాంప్ ఎంత బరువు మోస్తుందన్నది ఇక్కడే తేలాలి. ఆ కుర్చీ మొత్తంగా వెనక్కి ఒరుగుతుంది, కాళ్ల పలకలు ముందుకు లేస్తాయి, రేపు దాని వెనకాల ఊపిరి మెషీన్ పెట్టే అర కూడా బిగించాల్సి రావచ్చు. కాబట్టి కుర్చీ ఇవాళ ఉన్న పొడవు కంటే ఏడాది తర్వాత జానెడు పెరిగినా ఆశ్చర్యం లేదు. కుర్చీ రాకముందే వ్యాన్ కొంటే పాదం కొలత లేకుండా చెప్పులు కొన్నట్టే. "రేపటికి ఉండదు, ఇవాళే అడ్వాన్స్ ఇవ్వండి" అని అమ్మేవాళ్లు తొందరపెట్టినా సరే, ఈ ఒక్క విషయంలో ఆగమంటాను.

కుర్చీ రాగానే ఆయన్ని అందులో మామూలుగా కూర్చోబెట్టి టేపు పట్టుకోండి. నేల నుంచి నడినెత్తి దాకా ఎంత, నేల నుంచి కళ్ల దాకా ఎంత, బూటు కొన నుంచి కుర్చీ వెనక చివర దాకా ఎంత, జాయ్‌స్టిక్‌తో కలిపి వెడల్పు ఎంత. వీటిలో అందరూ మరిచిపోయేది మొదటిది. బ్యాటరీ కుర్చీలో సీటే నేలకు 45, 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని మీద మెత్త, ఆ మీద మనిషి. కాస్త పొడుగు మగవాళ్లయితే నెత్తి 140 సెంటీమీటర్లు దాటేస్తుంది. వీల్‌చైర్ పట్టేలా అడుగు కోసి నేల కిందికి దించిన చాలా వ్యాన్లలో తలుపు ఎత్తు కూడా దాదాపు అంతే. ఇవాళ మీవారు తల వంచి లోపలికి వెళ్లిపోతారు, ఇబ్బంది కనపడదు. మెడ కండరాలు బలహీనపడ్డాక తల వంచడం ఆయన చేతుల్లో ఉండదు, వంచిన తలను మళ్లీ ఎత్తడం అసలే ఉండదు. కుర్చీని వెనక్కి ఒరిగించి ఎక్కిస్తే సరిపోతుందని కొందరు అంటారు. ర్యాంప్ మీద అలా చేస్తే బరువంతా వెనక్కి వెళ్లి కుర్చీ తిరగబడే ప్రమాదం ఉంది. ఎత్తు చాలని తలుపు ఉన్న బండి ఎంత చవకైనా మీకు పనికిరాదు.

కళ్ల ఎత్తు ఎందుకంటే, కొన్ని బళ్లలో వీల్‌చైర్ నిలిచే నేల ఎత్తుగా ఉండి, కూర్చున్న మనిషి కళ్లు కిటికీ పై అంచుకు వచ్చేస్తాయి. ఆయనకు కనపడేది బండి కప్పు, కిందికి చూస్తే కాస్త రోడ్డు. గంటసేపు అలా వెళితే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. అందులోనూ ఆయనకు ఇన్నాళ్లూ స్టీరింగ్ దగ్గర కూర్చుని రోడ్డంతా చూసిన అలవాటు.

కొలతల తర్వాత, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న, బండిలో ఆయన ఎక్కడ కూర్చుంటారన్నది. మీ ఉత్తరంలో ర్యాంప్ ఎక్కడుందో రాశారు కానీ ఆయన చోటు గురించి రాయలేదు. వెనక నుంచి ఎక్కే బండిలో ఆయన వెనకే ఉంటారు, చాలావరకు వెనక చక్రాలకు దగ్గరగా. గుంతలో పడితే కుదుపు ఎక్కువగా తెలిసేది అక్కడే, ఆ కుదుపుకి ముందు అలిసిపోయేది మెడ. అదొక్కటే అయితే హెడ్‌రెస్ట్‌తో కొంత సర్దుకోవచ్చు. నాకు ఎక్కువ బెంగ గొంతు గురించి. ఏఎల్ఎస్ చాలామందిలో ఒక దశలో మాటనూ మింగడాన్నీ పట్టుకుంటుంది. గొంతు పీలగా అవుతుంది, ఇంజిన్ చప్పుడులో వినపడదు. ఉమ్మి గొంతులో అడ్డుపడితే గట్టిగా దగ్గి బయటికి తెచ్చుకునే బలం ఉండదు. బండి నడుపుతున్నది మీరు, లోపల ఉన్నది మీరిద్దరే. రెండు మీటర్ల వెనక ఆయనకు ఉక్కిరిబిక్కిరి అవుతుంటే మీకెలా తెలుస్తుంది?

పక్క తలుపు బండికి ఇక్కడ మేలు ఉంది. కొన్నిటిలో ముందు ప్రయాణికుడి సీటు తీసేసి వీల్‌చైర్‌ను మీ పక్కనే బిగించవచ్చు. ఆయన ముఖం మీకు కనపడుతుంది, మాట వినపడుతుంది, రోడ్డు ఆయనకు కనపడుతుంది. మీరు చూసిన బండిలో ఆ వీలుందో లేదో అడగండి. ఉందని చెబితే నమ్మి వచ్చేయకండి, ఆయన సొంత కుర్చీతో ఎక్కించి చూపించమనండి. పొడవైన కుర్చీలు కొన్ని పక్క నుంచి ఎక్కి లోపల మలుపు తిరగలేక ఇరుక్కుంటాయి. ముందు చోట ఎయిర్‌బ్యాగ్ సంగతి ఏం చేశారో కూడా మార్పులు చేసినవాళ్లనే అడగాలి.

మరి వెనక ర్యాంప్ బండి పనికిరాదా అంటే అలా అనను. కుర్చీ నేరుగా వెళ్లి నేరుగా వస్తుంది, లోపల తిప్పే పని లేదు. రెండు పక్కలా బళ్లు ఆనించి పెట్టినా మీరు ఎక్కగలరు, దిగగలరు. నేలను మధ్యలో మాత్రమే కోసి దించుతారు కాబట్టి స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు గీసుకుపోవడం తక్కువ. పక్క ర్యాంప్ బండికి తలుపు వైపు సుమారు 2.4 మీటర్ల ఖాళీ కావాలి, ఎవరైనా తెచ్చి బండి ఆనించారంటే మీరు కారు యజమానిని వెతుక్కుంటూ తిరగాల్సిందే. వెనక ర్యాంప్‌కి అదే ఇబ్బంది వెనక వైపు వస్తుంది, పైగా రోడ్డు పక్కన ఆపితే ర్యాంప్ ట్రాఫిక్‌లోకి దిగుతుంది. మీరు వెనక ర్యాంప్ బండే తీసుకునేటట్టయితే, ఆయన పక్కన ఇంకో సీటు ఉండేలా చూసుకోండి, మాట తగ్గే రోజుకి ప్రయాణంలో మూడో మనిషి తప్పనిసరని ఇప్పుడే అనుకోండి. ఆ మనిషి మీ 16 ఏళ్ల పాపే అవుతుందా, జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషా అన్నది కూడా ధరలో భాగమే. లోపల వెడల్పు అద్దం, వేలితో తాకితే మోగే బజర్ ఇవి చిన్న ఖర్చులు, ఎలాగూ పెట్టించండి.

మీ అబ్బాయి చెప్పిన పెద్ద వ్యాన్. దూరంగా ఉన్న కొడుకు అమ్మకి ఇక ఏ ఇబ్బందీ రాకూడదని కోరుకోవడం సహజం. బరువు, తల ఎత్తు విషయంలో అతని మాట నిజం కూడా. కానీ రోజూ ఆ బండి నడపాల్సింది మీరు. పెద్ద బండి అంటే భయమని మీరే రాశారు. నడిపే మనిషికి భయమైతే బండి ఇంటి ముందే నిలబడుతుంది. ఎత్తు పరిమితి ఉన్న పార్కింగుల్లోకి అది దూరదు. లిఫ్ట్ దిగి ఎక్కేసరికి వానలో ఆయన తడుస్తారు. కొలతలు తీశాక చిన్న బళ్లలో ఆయన తల పట్టదని తేలితే అప్పుడు దాని గురించి ఆలోచించండి, కొనేముందు మీరే ఒక పూట నడిపి చూడండి. ఇప్పటికైతే నేను దాన్ని వెనక వరసలో పెడతాను.

ఇప్పుడు ఆయన నడుపుతానన్న మాట. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. చేత్తో బ్రేకు, ఆక్సిలరేటర్ నడిపే ఏర్పాటు కాళ్లు మాత్రమే పోయి చేతులు గట్టిగా ఉన్నవాళ్లకు చక్కగా పనిచేస్తుంది. నెమ్మదిగా ముదిరే కొన్ని కండరాల జబ్బుల్లో మనుషులు దాంతో ఏళ్ల తరబడి నడుపుతారు. ఏఎల్ఎస్‌లో బలహీనత ఒక చోట మొదలై పక్క భాగాలకు పాకుతుంది, మీవారికి కుడిచేయి ఇప్పటికే సడలుతోంది. బండి మార్పించి, నేర్చుకుని, లైసెన్సులో రాయించుకునేసరికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో చేయి ఏ స్థితిలో ఉంటుందో ఆలోచిస్తే, ఆ ఏర్పాటు మీద పెద్ద డబ్బు పెట్టమని నేను చెప్పలేను.

అయితే ఈ మాట మీ నోటి నుంచి వెళ్లకూడదు. భార్య వద్దంది కాబట్టి మానేశాను అన్న బాధ ఒకసారి మొదలైతే పోదు. డ్రైవింగ్ సామర్థ్యాన్ని పరీక్షించే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఉంటారు. మీ న్యూరాలజిస్టును అడిగి ఆయన్ని అక్కడికి పంపండి. చేతి బలం, బ్రేకు వేయడానికి పట్టే సమయం, మెడ తిప్పి చూడగలగడం, అన్నీ కొలిచి వాళ్లు చెబుతారు. కొద్ది నెలలు నడపవచ్చంటే నడపనివ్వండి, మార్పులు లేకుండా ఎంతవరకు వీలో అంతవరకు. ఈ జబ్బు సంగతి లైసెన్సు అధికారులకూ బీమా కంపెనీకీ తెలపాలన్న నియమం చాలా చోట్ల ఉంది, అది ముందుగా కనుక్కోండి.

ఒప్పించడం గురించి అడిగారు. "నాకు వ్యానే వద్దు" అన్న మాటలో రెండు బాధలు కలిసి ఉన్నాయని నాకనిపిస్తోంది. ఇన్నాళ్లూ ఇంటిని తిప్పిన మనిషి ఇక వెనక సీట్లో సామానులా కూర్చోవాలా అన్నది ఒకటి. నా మీద ఖర్చు పెడితే మిగిలేవాళ్లకు ఏముంటుంది అన్నది రెండోది. బ్రోచర్లు చూపించినా, కొడుకుతో ఫోన్ చేయించినా ఈ రెండింటికీ జవాబు దొరకదు. మీరు నిజంగా పడుతున్న బాధే చెప్పండి. "ఏమండీ, ఆ రోజు పడినప్పట్నుంచి మిమ్మల్ని ఎత్తాలంటే నాకు భయమేస్తోంది. ఈసారి నా నడుం విరిగితే మనిద్దర్నీ చూసుకోవాల్సింది పాప. నాకు వ్యాన్ కావాలి." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన మంచికే అని చెబితే త్యాగం చేస్తానంటారు, మీకు కావాలంటే వినే అవకాశం ఎక్కువ.

తర్వాత పని ఆయనకు అప్పగించండి. లెక్కల మాస్టారు కదా, ర్యాంప్ వాలు ఆయన్నే లెక్క కట్టమనండి. భవనాలకు వేసే ర్యాంపుల్లో ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండాలన్నది చాలా చోట్ల పాటించే కొలత. వ్యాన్‌లో అంత చోటు ఉండదు. బండి నేల 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి ర్యాంప్ పొడవు 150 సెంటీమీటర్లయితే వాలు ఒకటికి ఐదు. తోపుడు కుర్చీలో మనిషి, కుర్చీ కలిపి 90 కిలోలైతే ఆ వాలు మీద తోసేవాళ్ల చేతులకు 18 కిలోల భారం తగులుతుంది. అదే 220 కిలోల బ్యాటరీ కుర్చీ ఛార్జింగ్ అయిపోయి ఆగితే 44 కిలోలు. మీ నడుంతో అది జరిగే పని కాదు, లాగే వించ్ ఉండాలి. ఏ బండికి ఎంత వాలు, ఎంత బరువు, ఎంత ఖాళీ అన్నది ఆయన కాగితం మీద పెడితే ఎంపికలో ఆయన మాట ఉంటుంది. నడపలేకపోయినా ఏ బండి రావాలో తేల్చే మనిషి ఆయనే అవుతారు.

ఇంత చేసినా వద్దనే అంటే? బయటికి రానని చెప్పే హక్కు ఆయనకుంది. మిమ్మల్ని ఎత్తమని అడిగే హక్కు మాత్రం లేదు. ఆ సరిహద్దు మీరు ప్రేమగానే, కానీ గట్టిగా పెట్టవచ్చు. అప్పుడు ఆసుపత్రికి వీల్‌చైర్ ఎక్కే అద్దె బండి పిలిపించుకోవడం, మిగతా ప్రయాణాలు ఆయన అడిగినప్పుడే పెట్టుకోవడం ఒక దారి. ఖర్చు తక్కువ. కానీ అప్పటికప్పుడు బయల్దేరే వీలు పోతుంది, మనుషుల్ని కలవడం తగ్గుతుంది. కొన్ని నెలలు అలా గడిచాక ఆయనే మనసు మార్చుకోవచ్చు, మార్చుకోకపోవచ్చు కూడా.

ఇప్పుడే కొనాలా అన్నదానికి నా జవాబు, కుర్చీ వచ్చేదాకా అద్దె. ఆ రెండు నెలల్లో మీరు ఒంటరిగా ఆయన్ని ఎత్తడం ఇవాళ్టితో ఆపేయండి. కాళ్లు కాస్త బరువు మోస్తున్నంతకాలం సీటు నుంచి సీటుకు జరిపే బల్ల, నడుముకు కట్టే పట్టుకునే బెల్ట్ వాడవచ్చు. థెరపిస్టు దగ్గర ఒక పూట నేర్చుకుంటే చాలు. కారు సీటు బయటికి తిరిగేలా మార్చే ఏర్పాటు కూడా ఉంది కానీ, ఆయన కాళ్లు మోయడం మానేసిన రోజు దానికి పెట్టిన డబ్బు వృథా. మీ విషయంలో అది పెట్టించమని చెప్పను. ఏఎల్ఎస్ రోగుల సంఘాలు కొన్ని చోట్ల పరికరాలు అరువు ఇస్తాయి, కనుక్కోండి. అద్దెకు వెనక ర్యాంప్ బండి ఒకసారి, పక్క ర్యాంప్ బండి ఒకసారి తీసుకుంటే మీకు ఏది చేతికి కుదురుతుందో తెలుస్తుంది. మొదటి ప్రయాణం ఆసుపత్రికి పెట్టుకోకండి. ఆయన పాత విద్యార్థుల్లో ఎవరి ఇంటికో, స్కూలుకో తీసుకెళ్లండి.

బిగించే పద్ధతి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే బండి ఎంత మంచిదైనా ఇక్కడ తప్పు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కుర్చీ ఎప్పుడూ ముందుకే చూడాలి. నాలుగు మూలలా పట్టీలతో బండి నేలకు బిగించాలి, కొక్కేలు కుర్చీ చట్రానికి గుర్తు పెట్టిన చోటే తగిలించాలి. చేతుల ఆనుడుకీ చక్రాలకీ తగిలిస్తే ఢీ కొన్నప్పుడు ఊడి వచ్చేస్తాయి. కుర్చీకి వచ్చే నడుం బెల్ట్ ఆయన జారిపోకుండా ఉండటానికే, దాన్ని సీటు బెల్ట్ అనుకోకూడదు. బండి నుంచి వచ్చే మూడు చోట్ల బిగించే బెల్ట్ విడిగా, ఒంటికి తగిలేలా పెట్టాలి. ప్రయాణంలో కుర్చీ వీపు నిటారుకు 30 డిగ్రీలకు మించి వెనక్కి వాలకూడదు. కుర్చీ ఆర్డర్ ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి, వాహనంలో కూర్చుని ప్రయాణించడానికి పరీక్షించిన కుర్చీయేనా అని అమ్మేవాళ్లను ఇవాళే అడగండి. దానికి ఐఎస్ఓ 7176-19 అన్న ప్రమాణం ఉంది, బండి పట్టీలకు ఐఎస్ఓ 10542. నాలుగు పట్టీలు పెట్టాలంటే ప్రతిసారీ మీరు వంగి, మోకాళ్ల మీద కూర్చోవాలి. ఇరుకు బండిలో అది మీ నడుంకి మరో పరీక్ష. దానికి బదులు కుర్చీ అడుగున ఒక పిన్ను బిగించి, బండి నేల మీది తాళంలోకి తోసేస్తే తానే పట్టుకునే పద్ధతి ఉంది. ఖర్చు ఎక్కువ, ఆ కుర్చీకి సరిపడేదే పెట్టించాలి, పిన్ను వల్ల కుర్చీ అడుగు కాస్త కిందికి దిగుతుంది. మీ నొప్పి చూస్తే ఆ ఖర్చుకి అర్థం ఉందనిపిస్తోంది.

కొనే రోజు ఆయన్నీ కుర్చీనీ తీసుకెళ్లి, అమ్మేవాళ్లు కాకుండా మీరే మొదటి నుంచి చివరి దాకా ఎక్కించి దింపి చూడండి. బండి కరెంటు ఆపించి ర్యాంప్‌ను చేత్తో దింపి చూడమనండి, ఆ పని మీ బలంతో అవుతుందో లేదో తెలియాలి. ఆయన లోపల ఉండగా స్పీడ్ బ్రేకర్ మీదుగా తీసుకెళ్లి అడుగు గీసుకుంటుందేమో వినండి, మెడ ఎలా ఉందో ఆయన్ని అడగండి. నేల కోసిన బళ్లలో చాలాసార్లు స్టెప్నీ తీసేస్తారు, ఉందో లేదో చూడండి. మార్పులు చేసినవాళ్ల వారంటీ బండి కంపెనీ వారంటీకి వేరుగా ఉంటుంది, బాగుచేసేది ఎవరో ముందే తెలుసుకోండి. బీమా కాగితంలో ఈ మార్పులన్నీ రాయించండి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు మామూలు వ్యాన్ ధరే కట్టి ఊరుకుంటారు.

నన్నే అడిగితే, తలుపు ఎత్తు సరిపోయి ముందు సీటు చోట కుర్చీ పట్టేటట్టయితే పాతవాటిలో పక్క ర్యాంప్ బండి వెతుకుతాను. అది దొరకకపోయినా, ధర అందకపోయినా, పక్కన ఇంకో సీటు ఉన్న వెనక ర్యాంప్ బండితో సంసారం నడుస్తుంది. మీ ఇంటి ముందు ఎంత చోటుందో మీరు రాయలేదు. ఆ చోటు, కుర్చీ వచ్చాక ఆ నాలుగు కొలతలు, రెండు బళ్ల తలుపు ఎత్తులు రాసి పంపితే ఆయన వేసిన లెక్కలతో కలిపి మళ్లీ చూస్తాను.